మిద్దె మీది జవాబు

"బండి ఆపు!"

నల్లగొండ గడియారం సెంటర్లో పెళ్లి ఊరేగింపు ముందు పోతున్న డీజే బండికి పరమేష్ అడ్డం నిలబడ్డాడు. స్పీకర్ డబ్బాల మోతకు రోడ్డు పక్క అద్దాలు గడగడలాడుతున్నాయి. బండిలోంచి ఓ అమ్మాయి తల బయటపెట్టింది. పేరు మమత. చిట్యాల పక్క ఊరు.

"ఏందన్నా, రోడ్డు నీ తాత జాగీరా?"

"గీ మిద్దె కిందికెల్లి పోయేటోళ్లు ఆపి పోవాలె. రివాజు."

మమత పైకి చూసింది. చాయ్ దుకాణం మీద పాత మిద్దె, రెక్కలూడిన కిటికీలు.

"పైన ఎవలున్నరు?"

"ఇప్పుడు ఎవ్వలు లేరు."

"ఎవ్వలు లేని ఇంటికి నేనెందుకు ఆపాలె?"

పరమేష్ మిద్దె వైపు తలెత్తాడు. కళ్లల్లో తడి ఉంది. అది చూసి మమత పాట ఆపింది. పెళ్లివాళ్లు తిట్టారు. తిట్లు పడుతూనే సెంటర్ దాటేదాకా బండిని మౌనంగా నడిపించింది. మలుపులో ఒక్కసారి వెనక్కి చూసింది. అతనూ చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

మర్నాడు వాన. తడుచుకుంటూ చాయ్ దుకాణానికి వచ్చింది మమత. దుకాణం పరమేష్ తల్లి ఈదమ్మది.

"అమ్మా, నీ కొడుకు నిన్న నా బండాపిండు. ఎందుకో చెప్తవా?"

ఈదమ్మ చాయ్ పోసింది.

"పెండ్లిళ్లు లేని దినాలల్ల బ్యాండు మేళపోళ్లందరు గీ మిద్దెక్కుతుండె బిడ్డా. పిలిచెటోడు లేడు, ఇచ్చెటోడు లేడు. వాళ్ల కోసం వాళ్లే ఊదుకునేది. సికింద్రాబాద్ మిలిట్రీ బ్యాండుల చేసిన ముసలాయన ఒకడొచ్చి జాజ్ అని అమెరికా దిక్కు సంగీతం నేర్పిండు. గదేందయ్యా అంటె మా ఆయన లింగస్వామి ఏమన్నడో ఎరుకేనా? 'ఎవని దుక్కం వాడు ఊదాలె, కాని తాళం తప్పొద్దు' అన్నడు."

"మరి రివాజు?"

"కిందికెల్లి ఏ మేళం పోయినా నిలబడి ఒక్క వరుస ఊది పిలువాలె. పైనున్నోడు జవాబియ్యాలె. జవాబు రాకుంటె పైన ఎవలికో ఏదో అయిందని మేళమంత మెట్లెక్కి ఉరుకుతుండె. కరోనాల మా ఆయన పోయినంక జవాబు లేదు. నాయినతోని ఊదిన వీడు సాక్సాఫోన్ బాజా సంచి ముడి విప్పడు. శుక్రారం మిద్దె కూలుస్తరట, సెల్‌ఫోన్ల షోరూమ్ కోసం. బాజా అమ్మి పట్నంల కాపలా నౌకరికి పోతనంటుండు."

తెలంగాణ పాటతో వచ్చింది. ఆ సంగతి సభల్లో అందరం చెప్పుకుంటాం. పాటగాళ్లు కూర్చునే నాలుగు గోడలను మాత్రం మనమే పడగొట్టుకుంటున్నాం. చేదుగా ఉన్నా మాట ఇదే.

ఆ వారం మమత రోజూ చాయ్‌కి వచ్చింది. పరమేష్ రోజూ ఏదో పని కల్పించుకుని దుకాణంలోనే ఉన్నాడు.

"డీజే ఎందుకు నడుపుతున్నవ్?" అని అడిగాడోసారి.

"మా నాయిన మల్లప్ప ఒగ్గు కథకు డోలు కొడ్తడు. నాకూ నేర్పిండు. ఆడపిల్ల కొడ్తే వింతగ చూస్తరన్నా, కాని పెండ్లికి పిలువరు. డోలు మూలకు పడ్డది, డబ్బాలు బండెక్కినయి."

"అన్నా అనకు."

"మరేమనాలె?"

"ఏమనకు. పరమేష్ అను."

"పరమేష్... నేను డబ్బాలతోనన్న బతుకుతున్న. నువ్వు బాజాను బొంద పెడ్తున్నవ్."

అతను లేచి పోయాడు. తన మాట గట్టిగా తగిలిందని మమతకు అర్థమైంది. దాన్ని దిద్దుదామనే అంతకంటే పెద్ద తప్పు చేసింది.

ఎన్నడో ఓ జాతరలో లింగస్వామి ఊదిన వరుస రికార్డు మల్లప్ప ఫోన్లో ఉంది. గురువారం బండి తెచ్చి, మిద్దె కింద ఆపి, ఆ వరుసను డబ్బాల్లో పెట్టింది. రివాజు ప్రకారం పిలిచాననుకుంది.

ఈదమ్మ చేతిలో గిన్నె జారింది. "ఆయనే..." అంటూ చెప్పుల్లేకుండా మెట్లెక్కి ఉరికింది. పైన ఖాళీ గది. తల్లిని పట్టుకుని దించుకొచ్చిన పరమేష్ ముఖం నల్లబడి ఉంది.

"సచ్చినోనితోని పిలిపిస్తవా? మనిషి ఊపిరి వెట్టి పిలువాలె మమతా, డబ్బా కాదు. ఇగ రాకు."

మమత ఏడుస్తూ బండెక్కింది.

శుక్రవారం జేసీబీ వచ్చింది. తండ్రి ఫోటో, సాక్సాఫోన్ సంచి తెచ్చుకోవడానికి పరమేష్ పైకెక్కాడు. అవి తీసుకుని పట్నం బస్సెక్కాలని అనుకున్నాడు.

కింద డోలు మోగింది.

కిటికీలోంచి చూశాడు. బండి లేదు. ఎండలో ఒక్కతే నిలబడి ఉంది మమత, మెడలో తండ్రి డోలు. ఒక వరుస కొట్టి ఆగింది. పరమేష్ చెయ్యి సంచి మీదికి పోయి వెనక్కొచ్చింది. మమత మళ్లీ కొట్టింది. పైనుంచి ఏమీ రాలేదు.

మమత డోలుతోనే మెట్లెక్కింది. గడపలో నిలబడి ఊపిరి తీసుకుంది.

"ఎందుకొచ్చినవ్?"

"జవాబు రాలే. పైన ఎవలికో ఏమో అయిందని ఉరికొచ్చిన. రివాజే గద."

పరమేష్ చేతిలోని తండ్రి ఫోటో కింద పెట్టాడు. "నాకే అయింది."

"ఎరుకే. గందుకే వచ్చిన. నువ్వు పట్నం పోతే నేను గీ కింద నిలబడి ఎవల్ని పిలువాలె?"

పరమేష్ సంచి ముడి విప్పాడు. మొదటి ఊపిరికి బొంగురు శబ్దం, రెండోదానికి ఏడుపు లాంటిది. మూడోదాన్ని మమత డోలు అందుకుంది. నేర్చిన పాట కాదది. తండ్రి పోయిన దవాఖాన ఉంది అందులో, మూలకు పడ్డ డోలు ఉంది. కింద జేసీబీ డ్రైవర్ ఇంజన్ బంద్ చేశాడు. ఎవరూ చెప్పలేదు.

ఆపి ఇద్దరూ కిందికి దిగారు. ఈదమ్మ రెండు చాయ్‌లు పట్టుకుని మెట్ల దగ్గరే ఉంది.

"పట్నం బస్సు పోయింది కొడుకా."

"పోనీ అమ్మా."

మమత తల దించుకుంది. "నిన్నటి తప్పు..."

"ఏ కులమో, ఏ ఇల్లో నేనడగ బిడ్డా," అంది ఈదమ్మ. వెనక మిద్దె గోడ మొదటి దెబ్బకు కూలింది. ఆమె అటు తిరగలేదు. "మీ నాయినకు చెప్పు, రేపు మేమే పిల్లనడగనీకి చిట్యాల దిక్కు వస్తున్నం. ఎవల దుక్కం వాళ్లకున్నది. నువ్వు తాళం తప్పలే."