తగ్గిన నీళ్లు

...ఒక్క చిటికెడు మేతే వేయమంది, ఒక్క చిటికెడే వేశాను కదా... నిమిషంలో తినేసేంతే వేశాను, ఒక్క గింజ అడుక్కి జారనివ్వలేదు కదా... మరి ఎందుకు చచ్చిపోయింది? స్నేహలత అరచేతిలో ఆ చేప వేలెడంత ఉంది. నారింజ రంగు ఇంకా పోలేదు. మూడు తెల్ల పట్టీలూ అలాగే ఉన్నాయి. నాలుగు నెలల కిందట ఆసుపత్రి గదిలో డాక్టరు తల అడ్డంగా ఊపాక కూడా కూతురు లిఖిత బుగ్గలు నిద్రపోతున్నట్టే ఉన్నాయి. ప్రాణం పోయిన సంగతి ఒంటికి ఆలస్యంగా తెలుస్తుందేమో!

ఆ గాజుతొట్టి లిఖితది. తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్లి డిగ్రీ చదువుకుంటూ, హాల్లో కిటికీ పక్కన ఒక చిన్న సముద్రాన్ని పెట్టుకుంది. ఆరు వారాల పాటు అందులో ఉప్పునీళ్లూ రాళ్లూ తప్ప ఏమీ లేవు. "చేపల్లేని తొట్టికి లైటెందుకే పిచ్చిదానా?" అని స్నేహలత నవ్వితే, "కంటికి కనపడని క్రిములు ముందు కాపురం పెట్టాలమ్మా! అవి కుదురుకున్నాకే చేపలు. అన్నీ ఒకేసారి తెచ్చి పడేస్తే అన్నీ పోతాయి," అంది. ఆ తర్వాత రెండు చేపలు. ఇంకో నెలాగి గులాబీ రంగు వేళ్లతో నీళ్లలో ఊగే చిన్న పగడపు గుత్తి. మూడో చేప తెచ్చుకునే రోజు కోసం చూస్తుండగా జ్వరం వచ్చింది... ఎనిమిది రోజులు! ఆసుపత్రికి ఆటో ఎక్కుతూ కూడా, "నువ్వు ప్రేమకొద్దీ ఎక్కువ వేసేస్తావమ్మా. మిగిలింది కుళ్లి నీళ్లు పాడైపోతాయి. రోజుకి ఒక్క చిటికెడే!" అంది.

పంతొమ్మిదేళ్లు కూతురు వద్దంటున్నా కంచంలో ఇంకో గరిటె వేసిన చెయ్యి, నాలుగు నెలలుగా చిటికెడు దగ్గర ఆగడం నేర్చుకుంది. పొద్దున్నే చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ చెయ్యి మళ్లీ మేత సీసా మీదికి వెళ్లేది. ఇంకొంచెం వేస్తే ఏమవుతుంది... అనుకునేది, వేసేది కాదు. లిఖిత పెంచిన ఆ రెండు ప్రాణాలు బతికున్నంతకాలం లిఖిత మాట ఇంట్లో చెల్లుతున్నట్టే. అవి కూడా పోతే? ఆ ఆలోచన చివరిదాకా ఆమె ఎప్పుడూ వెళ్లలేదు. పగడపు గుత్తి వారాల తరబడి ముడుచుకుపోయి ఉంటే, అది కూడా నాలాగే బెంగపెట్టుకుంది అనుకుందే తప్ప, ఎందుకని ఎవర్నీ అడగలేదు. పొద్దున చేప తేలిపోయాక గానీ, చేపలమ్మిన విజయవాడ కృష్ణకాంత్‌కి ఫోన్ చేయాలని తోచలేదు. అతను ఎత్తలేదు.

గేటు చప్పుడైంది. అత్తగారు కొండమ్మ. పదిహేను రోజులకోసారి రేపల్లె నుంచి బండెక్కి, మనవరాలి చేపల కోసం డబ్బాడు సముద్రపు నీళ్లు మోసుకొస్తుంది.

"చేపల నాగులు పడవేసుకుని సముద్రంలో బాగా లోపలికెళ్లి పట్టుకొచ్చాడమ్మాయ్. ఒడ్డు నీళ్లయితే బురదగా ఉంటాయని నేనే చెప్పి పంపా. 'చేపలు తెస్తే గీసి గీసి బేరమాడతావు, నీళ్లకైతే బతిమాలతావేంటి మామ్మా' అని ఒకటే ఎకసెక్కం..." అంటూ లోపలికొచ్చిన కొండమ్మ, కోడలి అరచెయ్యి చూసి ఆగిపోయింది. "అయ్యో తండ్రీ! ఏంటమ్మా ఇది?"

"మీ నీళ్లే!" స్నేహలత గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అందులో డీజిలు కలిసిందో, ఇంకేం కలిసిందో! మీ చేతిలో పడ్డదేదీ నాకు బతికి రాదా అత్తయ్యా? సెలవుకి నవ్వుతూ మీ ఇంటికొచ్చిన బిడ్డని జ్వరంతో బండెక్కించారు! ఒక్క పూట ఆపి డాక్టరుకి చూపించి ఉంటే... నా బిడ్డ... నా బిడ్డ నాకు మిగిలేది కాదా!"

నాలుగు నెలలుగా గొంతులో తిరుగుతున్న మాట బయటపడింది. కొండమ్మ డబ్బా కింద పెట్టి, గుమ్మంలోనే కూలబడింది. "నిజమేనమ్మా... ఆపాల్సింది," అంది. అంతే!

ఫోన్ మోగింది. కృష్ణకాంత్. తొట్టి కింద అరలో ఉప్పు కొలిచే ముల్లున్న చిన్న డబ్బీ ఉంటుందనీ, దాన్ని తొట్టి నీళ్లతో నింపి చూడమనీ చెప్పాడు. స్నేహలత చేపని కిటికీ గట్టు మీద ఉంచి, ఫోన్ స్పీకర్లో పెట్టి, డబ్బీ నింపింది. ముల్లు పైకి... గీతలన్నీ దాటి పైకి వెళ్లి ఆగింది.

"ఉప్పు బాగా ఎక్కువైపోయింది మేడమ్. నీళ్లు తగ్గినప్పుడు ఏం పోస్తున్నారు?"

"సముద్రం నీళ్లేనండి. సముద్రం చేపలకి ఇంకేం పోస్తాను?"

"ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే మేడమ్. ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. అందుకని తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. పాప అవే పోసేది... మీరు తెచ్చిన నీళ్లలో దోషం లేదు. రెండోది బతికుందా? అయితే కంగారుపడి ఒకేసారి మార్చేయకండి, అదీ తట్టుకోలేదు. ఇప్పుడో గ్లాసు ఉప్పునీళ్లు తీసి గ్లాసు మంచినీళ్లు, మళ్లీ సాయంత్రం ఇంకో గ్లాసు. నిదానంగా దించాలి."

రోజూ పొద్దున్నే కాస్త తగ్గిన నీళ్లు చూసి, బిడ్డకి దాహమేసినట్టు గబగబా పోసింది ఎవరు? కూతురు చెంబుతో నీళ్లు పోస్తుంటే ఎన్నిసార్లో చూసింది. ఏ నీళ్లని ఒక్కసారైనా అడిగిందా? లేదు... తనకి తెలుసనుకుంది! తల్లికి తెలుసు! ఆ ఆదివారం సాయంత్రం రేపల్లె నుంచి ఫోన్ వచ్చినప్పుడూ అంతే కదా. "ఒళ్లు కాలుతోందమ్మా, రేపు నాయనమ్మ దగ్గరే ఉండిపోనా?" "పరీక్ష మానేస్తావా? మాత్ర వేసుకుని పొద్దున్నే బాపట్ల బండెక్కు!" అంది తనే. ఆ మాట భర్త జీవన్ కుమార్‌కి చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి కూడా చెప్పలేదు. తన మనసు దాన్ని మోయలేక అత్తగారి గుమ్మంలో దింపేసి, ఆ తర్వాత ఆ తప్పు ఆమెదేనని నిజంగానే నమ్మింది...

"అత్తయ్యా..." స్నేహలత గోడ పట్టుకుంది. "ఆ రోజు లిఖిత నాకు ఫోన్ చేసింది. నేనే..."

"తెలుసమ్మా." కొండమ్మ తల ఎత్తలేదు. "నా మంచం మీద కూర్చునే మాట్లాడింది. నీ మాట నాకూ వినపడింది."

"మరి... లిఖిత పోయాక ఆదరణ కూడికలో మా అన్నయ్య, జ్వరంతో మీరే పంపేశారని నలుగురిలో మిమ్మల్ని అంత మాటన్నప్పుడు... ఎందుకండీ చెప్పలేదు!"

"చెప్పి ఏం బావుకుంటానమ్మా? ముసలిదాన్ని, నన్నంటే పడతాను. నువ్వు తల్లివి... ఆ మాట నీ మీద పడితే నువ్వు బతకవు. నా కొడుక్కి బిడ్డ పోయింది, నిన్ను కూడా పోగొట్టనా?" చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను మాత్రం ఆపానా? అమ్మ చెప్పింది వెళ్లవే అని నేనే సంచి సర్దా. దాని మంచికే అనుకున్నాం, నువ్వూ నేనూ..."

స్నేహలత నేల మీద కూర్చుని, నాలుగు నెలల్లో మొదటిసారి నోరు తెరిచి ఏడ్చింది. కొండమ్మ ఆమెను ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు ఉందో లేదో తెలియనట్టు అక్కడే ఉండి, చాలాసేపటికి లేచి డబ్బా తీసుకుంది. "రెండింటి బండికి పోతానమ్మా. ఇంక ఈ నీళ్లు తేనులే."

తొట్టి మూల రెండో చేప రాతికి ఆనుకుని ఉంది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. బతుకుతుందో లేదో!

కొండమ్మ గేటు దాకా వెళ్లింది. స్నేహలత లేచింది. తొట్టిలోంచి గ్లాసు ఉప్పునీళ్లు తీసి పారబోసి, వంటింట్లోకి వెళ్లి గ్లాసు నిండా మంచినీళ్లు పట్టి తొట్టి పక్కన పెట్టింది. గేటు దగ్గరికెళ్లి అత్తగారి చేతిలో డబ్బా విడిపించి కింద పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని తొట్టి ముందుకి తెచ్చింది. గ్లాసు ఆమె చేతికిచ్చింది.

"నా చేత్తోనా? వద్దమ్మా... నాకు భయం," అంది కొండమ్మ.

"నాక్కూడా అత్తయ్యా."

స్నేహలత తన చెయ్యి ఆ చేతి కింద పెట్టి, గ్లాసును మెల్లగా వంచింది.