చేతికిచ్చిన నీళ్లు

మధ్యాహ్నం అసర్ నమాజు వేళ దాటాక నా నీళ్ల ట్యాంకరు భూమేష్ కాసే గొర్రెల దొడ్డి దగ్గర ఆగింది. మదీనాకూ యన్బూ రేవుకీ నడుమ కొండల్లో ఉంటుంది ఆ దొడ్డి. చుట్టూ నల్లరాళ్లు, వెనక ఒక లోయ, కంచె పక్కన రేకుల గది. నేను పైపు పెట్టి తొట్టి నింపితేనే అక్కడ గొర్రెకైనా మనిషికైనా గొంతు తడిసేది. నా పేరు చాంద్ బాషా, మాది రాయచోటి. దెయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. ఆ మాట ఇప్పుడు ధైర్యంగా రాయలేకపోతున్నాను, అది వేరే సంగతి.

ఆ రోజు భూమేష్ మొహం వెలిగిపోతోంది. కఫీల్, అంటే అతని అరబ్బు యజమాని, ఎట్టకేలకు ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా కొట్టించాడు. తెల్లారితే జిద్దాలో విమానం. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. కూతురు సంధ్య పుట్టకముందే వచ్చినవాడు, పిల్లను ఫోన్లో తప్ప చూడలేదు. అతన్ని ఎయిర్‌పోర్టులో దించాల్సింది నేనే.

"బొమ్మ కొన్న బాషా భాయ్. బటన్ ఒత్తితె నవ్వుతది. పిల్ల జడుసుకుంటదంటవా?"

"నీ గడ్డం చూసి జడుసుకుంటాది. ముందు అది గీసుకో పోప్పా," అన్నాను.

పెద్దగా నవ్వాడు. అతని నవ్వు వినడం అదే ఆఖరు.

వెనకున్న లోయ సంగతి మా ఇద్దరికీ తెలుసు. కఫీల్ గావా కాఫీ తాగుతూ చెప్పేవాడు. ఎనిమిది వందల ఏళ్ల పైమాట. జెరూసలేం మాదంటే మాదని ఐరోపా నుంచి వచ్చిన క్రైస్తవ సైన్యాలూ, ఇక్కడి ముస్లిం సుల్తానులూ తరాల తరబడి నరుక్కున్న కాలం. ఆ వచ్చినవాళ్లను ఇక్కడ ఫిరంజీలంటారు. వాళ్లలో ఒక కోట దొర ఓడల్ని ముక్కలు చేసి, ఒంటెల మీద మోయించి, ఎర్రసముద్రంలో దించాడు. అతని మనుషులు హజ్ యాత్రికుల పడవలు తగలబెట్టి, గట్టెక్కి మదీనా దారి పట్టారు. ఈజిప్టు నుంచి వచ్చిన దళం వాళ్లను తరిమి తరిమి ఈ లోయలోనే చుట్టేసింది. దాహంతో నాలుకలు పిడచకట్టుకుపోయి లొంగిపోయారు. ప్రాణాలు తీయబోమని మాటిచ్చారనీ, ఆ మాట తర్వాత చెల్లలేదనీ చెప్పేటప్పుడు కఫీల్ గొంతు తగ్గించేవాడు. ఒంటెల మీద తోకవైపు మొహం పెట్టి కూర్చోబెట్టి, డప్పులు కొడుతూ ఊరేగించి, తలలు తీశారట.

భూమేష్ కంటే ముందు అక్కడ గొర్రెలు కాసిన సూడాన్ ముసలాయన ఇంకో మాట చెప్పి వెళ్లాడు. దుమ్ము లేచినప్పుడు లోయలోంచి ఎవరైనా నడిచొస్తే, నీళ్లు నేలమీద పెట్టి వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి. చేతికి ఇవ్వకూడదు. చేతికిస్తే వాడి ప్రాణానికి పూచీపడ్డట్టు. తరుముతూ వచ్చేవాళ్లు వాడి బదులు నిన్ను పట్టుకుపోతారు. అప్పుడు మేం ముసలాయన్ని ఆటపట్టించాం.

తొట్టి నిండేసరికి పడమటి కొండలు కనిపించడం మానేశాయి. ఎర్రటి దుమ్ము గోడలా లేచి మీదికి వచ్చింది. పట్టపగలే చీకటి పడింది. మేం మొహాలకు తువ్వాళ్లు చుట్టుకుని రేకుల గది చూరు కిందికి చేరాం. భూమేష్‌ది ఎర్రగళ్ల తువ్వాల. ఇంటి నుంచి తెచ్చుకున్నది, ఎప్పుడూ తలమీదే ఉండేది.

గాలి రేకుల్ని బాదింది. ఇసుక పళ్లలోకి వచ్చింది. అంతలో గాలి ఆగిపోయింది. దుమ్ము మాత్రం అలాగే నిలబడింది. గొర్రెలు అరవడం మానేసి, అన్నీ లోయవైపే తల తిప్పి చూస్తున్నాయి. ఏదో వాసన... తడిసిన తాళ్లు, తారు, ఉప్పు. ఓడరేవులో వచ్చే వాసన. సముద్రం అక్కడికి చాలా దూరం.

తొట్టి పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

గడ్డం నిండా ఉప్పు తెల్లగా పేరుకుంది. పెదాలు పగిలి నల్లబడ్డాయి. రెండు మణికట్లూ తాడుతో కట్టేసి ఉన్నాయి. నిండు తొట్టి పక్కనే ఉన్నా వంగడు... తాగడు. కట్టేసిన చేతులు మావైపు చాచి నిలబడ్డాడు.

భూమేష్ సత్తు గిన్నె అందుకుని తొట్టి ఇవతలి కొసకు నడిచాడు.

"భూమేశూ... గిన్నె కింద పెట్టి వచ్చెయ్," గుసగుసగా అన్నాను.

అతను అప్పటికే గిన్నె ముంచాడు.

"కింద పెట్టు అంటాండా..."

"మా తాతకు గట్లనే ఇచ్చిండ్రు భాయ్," భూమేష్ కూడా గుసగుసగానే అన్నాడు. "దొర వాకిట్ల. ముట్టుకుంటె మైలని, కింద పెట్టి దూరం జరిగేటోళ్లు. మనిషికి నేను గట్ల ఇయ్య."

ముసలాయన మాట అతనికి గుర్తులేక కాదు. గుర్తుండే ఇచ్చాడు. వెళ్లి, గిన్నెను ఆ మనిషి రెండు చేతుల్లో పెట్టాడు.

వాడు తాగాడు. గుటక చప్పుడు లేదు. గిన్నె ఖాళీ అయింది... భూమేష్ మళ్లీ ముంచి ఇచ్చాడు. మళ్లీ...

అప్పుడు వినిపించాయి డప్పులు.

దూరంగా... లోయలోంచి... దగ్గరికి. దుమ్ములోంచి ఎవరో అరబ్బీలో అడిగారు. మేం మాట్లాడే అరబ్బీ కాదు. అయినా అర్థమైంది.

"వీడికి పూచీ ఎవరు?"

"భూమేశూ, వద్దప్పా..." అన్నాను.

ఆ మనిషి మోకాళ్ల మీద పడి భూమేష్ కాళ్లు పట్టుకున్నాడు. భూమేష్ కిందికి చూశాడు. ఒక్కసారి నావైపు చూశాడు. తర్వాత చెయ్యెత్తాడు.

దుమ్ము మూసేసింది.

ఒంటెలు నా ముందు నుంచే వెళ్లాయి. గిట్టల చప్పుడు లేదు. వాటి మీద మనుషులు తోకవైపు తిరిగి కూర్చున్నారు. అందుకే దూరమవుతున్నకొద్దీ అందరూ నన్నే చూస్తున్నారు. చివరి ఒంటె మీదివాడి తలకు ఎర్రగళ్ల తువ్వాల ఉంది. నోరు తెరిచి ఏదో అంటున్నాడు... నాకు వినపడలేదు.

గాలి మళ్లీ వీచింది. ఆకాశం తేటపడింది. భూమేష్ తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు! పరుగెత్తి వాటేసుకున్నాను. ఏడ్చేశాను కూడా. ఒళ్లు చల్లగా ఉంది. తలమీద తువ్వాల లేదు. గాలికి పోయి ఉంటుందిలే అనుకున్నాను. మణికట్ల మీద ఎర్రటి చారలు కనిపించాయి. పొద్దున సామాను అట్టపెట్టెకు కట్టిన తాడు కోసుకుని ఉంటుందిలే అనుకున్నాను. భయపడ్డవాడు అన్నిటికీ ఏదో ఒకటి అనుకుంటాడు.

జిద్దా దాకా అతను ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ల సీసాలు మాత్రం ఖాళీ చేస్తూనే ఉన్నాడు. కౌంటర్‌లో వేలిముద్రలు సరిపోయాయి, లోపలికి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

కొన్నాళ్లకు అతని భార్య గౌరవ్వ ఫోన్ చేసింది.

"అన్నా, ఈయన బిడ్డను ఎత్తుకుంటలేడు. బొమ్మ నవ్వితె మూలకు పోయి గజగజ వణికిండు. బిందెలకు బిందెలు నీళ్లు తాగుతడు. చెంబు కింద పెడితె ముట్టడు, చేతికిస్తెనే తాగుతడు. నిద్రల ఏందో భాష మాట్లాడుతడు..." తర్వాత చాలా మెల్లగా అడిగింది. "అన్నా, నువ్వు ఎవల్ని తోలిచ్చినవ్?"

సిగ్నల్ లేదని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను.

ఆ దొడ్డికి నీళ్లు ఇప్పటికీ నేనే తోలుతున్నాను. దుమ్ము లేచిన రోజున తొట్టి పక్కన ఒకడు వచ్చి నిలబడతాడు. తలకు ఎర్రగళ్ల తువ్వాల. కట్టేసిన చేతులు నావైపు చాస్తాడు. ఏం కావాలో నాకు తెలుసు. ఇస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రాయచోటిలో నాకూ పిల్లలున్నారు. సత్తు గిన్నె నింపి, నేలమీద పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేస్తాను. దుమ్ము తగ్గాక చూస్తే నీళ్లు అలాగే ఉంటాయి. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నిన్న మళ్లీ దుమ్ము లేచింది. గిన్నె కింద పెట్టి, పైపు చుట్టి, ట్యాంకరు తలుపు తీశాను.

నేను కింద పెట్టొచ్చిన గిన్నె నా సీటు మీద ఉంది, చేతికిమ్మన్నట్టు. నిండుగా, అంచుదాకా. సీటు మీద ఒక్క చుక్క కూడా ఒలకలేదు.