రెండో నంబరు

"ఫోను ఎత్తకపోతే?" అంది హెలెన్.

"చెరువు నిండా రొయ్యలు పెట్టుకుని ఫోను ఎత్తని రైతు ఉంటాడా అండీ?" అన్నాడు ప్రతాప్.

తెనాలిలోని ఆ చిన్న ఆఫీసులో యాప్ రాసింది ప్రతాప్. దాన్ని టెస్ట్ చేసేది హెలెన్. రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రైతు ఫోను మోగాలి, అంతే దాని పని. సోమవారం బాపట్లలో రైతుల ముందు విడుదల. శుక్రవారం సాయంత్రమైనా ఆవిడ 'పాస్' అనలేదు.

"ఎత్తకపోతే రెండో మనిషికి వెళ్లాలండి. మా ఊళ్లో ఆదివారం..."

"అబ్బ, మళ్లీ మొదలు! మీ కోపం యాప్ మీదా, నా మీదా?"

"యాప్ మీద నాకేం కోపం లేదండి."

నవ్వు దాచుకుంటూ స్క్రీన్ వైపు తిరిగింది. ఆ నవ్వు కోసమే ప్రతాప్ రోజూ గొడవ పెట్టుకుంటాడని ఆఫీసంతటికీ తెలుసు.

"ఆదివారం రేపల్లె రండి. చర్చి అయ్యాక మా చెరువు దగ్గరే తేల్చుకుందాం," అంది.

వస్తానన్నాడు. ఒక్క మాట మాత్రం దాచాడు మహానుభావుడు. పోయిన వారమే ఆవిడ నాన్న ఆదాముకి ఫోన్ చేసి ఆ యాప్ పెట్టించేశాడు. "ఇక కాపలా అక్కర్లేదంకుల్, నా యాప్ చూసుకుంటుంది" అని గొప్పలు కూడా పోయాడు. కాబోయే మామగారిని ముందే మంచి చేసుకుందామని!

ఆదివారం రేపల్లె స్టేషన్లో దిగేసరికి జల్లు పడుతోంది. జేబులో ఫోను మోగింది. యాప్ పంపే ప్రతి కబురూ తనకూ వచ్చేలా పెట్టుకున్నాడు. ఆదాము చెరువులో ఏరియేటర్లు ఆగాయి, రైతుకు కబురు వెళ్లింది.

"చూశావా హెలెన్, నా యాప్!" అని తనలో తానే మురిసిపోయాడు.

కానీ అటునుంచి 'చూశాను' అని ఎవరూ నొక్కలేదు. ఆదాముకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. హెలెన్‌కి చేశాడు. అదీ స్విచాఫ్.

అప్పుడు వెలిగింది. ఆదివారం ఆరాధన! ఫోన్లన్నీ ఆపేసి అందరూ చర్చిలో ఉన్నారు. ఈ యాప్‌ని నమ్మి కాపలా మనిషి కూడా అక్కడే ఉండి ఉంటాడు. రెండు రోజులుగా ముసురు. నీళ్లలో గాలి అసలే తక్కువ. ఇంకాసేపైతే చెరువు మొత్తం పోతుంది.

"చర్చికి పోనివ్వన్నా, తొందరగా!" అని ఆటో ఎక్కాడు.

లోపల పాట సాగుతోంది. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. అడుగు పెడితే పరువు పోతుంది. పెట్టకపోతే చెరువు పోతుంది.

"అంకుల్! ఏరియేటర్లు ఆగిపోయాయి!"

పాట ఆగింది. ఆదాము చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశాడు. ఆయన వెనక కాపలా మనిషి, హెలెన్.

గట్టు మీదికి చేరేసరికి రొయ్యలు నీటిపైకి వచ్చి కొట్టుకుంటున్నాయి. కరెంటు లేదు, జనరేటర్ మొరాయించింది. ఆదాము, ప్రతాప్ మార్చి మార్చి హ్యాండిల్ తిప్పారు. చివరికెలాగో అది దగ్గి, అంటుకుంది. ఏరియేటర్లు తిరిగాయి. ఓ మూల కొన్ని చచ్చి తేలాయి గానీ, చెరువు నిలిచింది.

"ఈ యాప్ ఎప్పుడు పెట్టారిక్కడ?" అంది హెలెన్.

"పోయిన వారం. కాపలా వద్దన్నదీ నేనే. తప్పు నాదేనండి."

"నేను పాస్ చెయ్యకుండానే! ఇది మా ఏడాది కష్టం, ప్రతాప్!"

'గారు' లేకుండా పిలవడం అదే మొదటిసారి. ఇలా పిలిపించుకుంటానని అతను ఏనాడూ అనుకోలేదు.

సోమవారం బాపట్లలో ప్రతాప్ మైకు తీసుకున్నాడు. కంపెనీ ఓనరు మనోహర్ ముఖం చూసే ధైర్యం లేక రైతులనే చూశాడు.

"యాప్ ఇవాళ ఇవ్వట్లేదండి. మా టెస్టర్ పాస్ చెయ్యలేదు. ఆవిడ మాట వినక నిన్న ఓ చెరువు పోగొట్టబోయాను."

బయట వానలో హెలెన్ గొడుగు తెచ్చి అతని తలమీద పట్టింది.

"మనోహర్ గారు ఉద్యోగం తీసేస్తే?"

"తీసెయ్యనివ్వండి. మీరంటే నాకు ఇష్టం హెలెన్. మీరు తిట్టినా సరే, పక్కనుంటే చాలు."

"టెస్ట్ చెయ్యకుండా నేను దేన్నీ పాస్ చెయ్యనండి," అంది. గొడుగు మాత్రం తియ్యలేదు.

ఉద్యోగం పోలేదు. మరుసటి నెల కొత్త యాప్‌తో ఇద్దరూ రేపల్లె వెళ్లారు. ఈసారి ఆవిడ పాస్ చేశాకే. ఆదాము నంబరు ఎక్కించి హెలెన్ అడిగింది.

"రెండో నంబరు ఎవరిది పెట్టను నాన్నా?"

"ఈ అబ్బాయిది పెట్టమ్మా."

"ఇంట్లో మనిషిది పెట్టాలి నాన్నా!"

ఆదాము ప్రతాప్‌ని ఎగాదిగా చూశాడు.

"తెలుసులే. పెట్టు."