ఏడవని పిల్లల సున్నాలు

ఉదయం ఏడింటికి అక్క యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. పిల్లల ఆపరేషన్ వార్డులో పదకొండేళ్లుగా హెడ్ నర్సు, ఎవరిచేతా ఒక్క మాట పడి ఎరగని మనిషి. అలాంటి మనిషి ముందు, అదే ఆసుపత్రిలో ఎవరికి ఎలాంటి వైద్యం అందుతోందో లెక్కలు తీసే ఉద్యోగం చేస్తున్న చెల్లెలు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పదింటికి మీటింగులో ఇది చూపించాలి. ముందు నువ్వు చూడు."

కాగితంలో ఉన్నది ఇది: ఒకే ఆపరేషన్, ఒకే వయసు పిల్లలు. డబ్బు కట్టే గదుల్లో వాళ్లకి నొప్పి తగ్గించే మార్ఫిన్ అరగంటలో అందింది. ఇంటికెళ్లేటప్పుడు అక్కర్లేనన్ని మాత్రలు కూడా ఇచ్చి పంపారు. అక్క పనిచేసే ఉచిత వార్డులో రెండు గంటలు పట్టింది, కొందరికి అసలు లేదు. నొప్పికి నర్సు పదికి ఎన్ని మార్కులు వేసిందో చూశాకే డాక్టర్లు మందు రాస్తారు. వార్డు చీటీల నిండా సున్నాలే, కింద సంతకాలు అక్కవి.

"అంటే నేను పిల్లల్ని ఏడిపించానంటావు."

"వాళ్లు ఏడవలేదక్కా. అదే కదా గొడవ."

"ఏడవకపోతే సున్నా కాక పదెయ్యమంటావా? ముప్ఫై మంచాలకి ఇద్దరం నర్సులం. కుర్చీలో కూర్చుని లెక్కలెయ్యడం కాదు, ఓ పూట వచ్చి చూడు."

"గదుల్లో అమ్మలు బెల్లు కొడతారు. వార్డులో అమ్మలు భయపడతారు. ఒక్క పిల్లనైనా అడిగారా, నొప్పుందా అని?"

అక్కకి ఒళ్లు మండిపోయింది. "నిన్ను చదివించింది ఈ సంతకాలు పెట్టి తెచ్చిన జీతమేనే. ఆ కాగితం చింపెయ్. లేదంటే ఇక నన్ను అక్కా అని పిలవకు."

చెల్లెలు చింపలేదు.

"ఆరేళ్లప్పుడు నా కాలికి ఆపరేషనయింది, గుర్తుందా? గోల చేస్తే ఆసుపత్రిలోంచి పంపించేస్తారు, నోరు మూసుకోమంది అమ్మ. నేను దిండు కొరుక్కుంటుంటే పరిగెత్తుకెళ్లి నర్సుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది నువ్వే. నువ్వు లేకపోతే నాకూ సున్నానే వేసేవాళ్లు."

అక్క ఇస్త్రీపెట్టె ఆపేసి కుర్చీలో కూలబడింది. నిన్న వార్డులో పదమూడో మంచం మీది పాప దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పడుకుంది. ఎంత బుద్ధిమంతురాలో అని బుగ్గ నిమిరి, సున్నా వేసి, పక్క మంచానికి వెళ్లిపోయింది తను. కన్నీళ్లు ఆగలేదు.

"నన్ను చూసి నవ్వింది కూడానే ఆ పిల్ల," అంది.

చెల్లెలు దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది. అక్క కళ్లు తుడుచుకుని లేచింది. "పద. ఆ కాగితం మీటింగులో నేనే చదువుతాను. ముందు వార్డుకెళ్లాలి."

ఎనిమిది గంటలు కాకముందే అక్క పదమూడో మంచం పక్కన వంగి అడిగింది, "నొప్పుందా తల్లీ? పదిలో ఎంతో చూపించు. చెబితే ఎవరూ పంపించెయ్యరు."

పాప ముందు వాళ్లమ్మ మొహం చూసింది. తర్వాత దుప్పటిలోంచి మెల్లగా రెండు చేతులూ బయటికి తీసి, ఎనిమిది వేళ్లు చూపించింది.