లంకెబిందెల పంతులు

ఆదివారం పొద్దున్నే హైమావతి పెనం మీద మొదటి పెసరట్టు వేసిందో లేదో, పక్క పేట హౌగాంగ్ నుంచి అన్నయ్య మహీధర్ దిగాడు. ఫోన్ చెయ్యకుండా రావడం అతని అలవాటు కాదు. చెప్పులు విప్పుతూనే నాన్నేడీ అన్నాడు.

సాంబశివరావు హాల్లో కిటికీ దగ్గర కూర్చుని, బ్లాకుల మధ్య నుంచి పోయే ఎల్ఆర్‌టీ రైలుని చూస్తూ కాఫీ తాగుతున్నాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఊరి శివాలయంలో అర్చకత్వం చేసినవాడు. మోకాళ్ళు మొరాయించాక గుడి తమ్ముడి కొడుక్కి అప్పగించి, దేశం దాటి సెంగ్‌కాంగ్‌లో కూతురి దగ్గరికి వచ్చేశాడు.

మహీధర్ ఫోన్ ఆయన ముందు పెట్టాడు. వీడియోలో ఎవడో కుర్రాడు ఆ గుడి ముందే నిలబడి చెబుతున్నాడు. అప్పట్లో ధ్వజస్తంభం మార్చడానికి గొయ్యి తవ్వితే లంకెబిందెలు బయటపడ్డాయట. పంతులు గుట్టుగా వాటిని రాజమండ్రి వెండి కొట్లలో అమ్ముకున్నాడట. హైమావతి కూతురు నిఖిల తొంగి చూసి, "తాతా, ట్రెజర్ రియల్ ఆ? టెల్ అస్ లా" అని నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

ఊళ్ళో ఈ మాట కొత్తది కాదు. బడికెళ్ళే రోజుల్లోనే హైమావతిని లంకెబిందెల పంతులి కూతురనేవాళ్ళు. నాన్న దొంగంటే ఆమెకి నమ్మబుద్ధి కాదు. అలాగని తన ఇంజనీరింగ్ ఫీజు ఎక్కడిదని అడిగిందీ లేదు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం, ఈ ఫ్లాటు, అన్నీ దేవుడి సొమ్ము మీద లేచినవేమో అనిపించేది. మరుక్షణమే ఛ, నాన్న అలాంటివాడా అనుకునేది.

మహీధర్ సంగతి వేరు. ఇంటర్ అవగానే ఇంట్లో డబ్బుల్లేవని అతన్ని వైజాగులో వెల్డింగ్ పనికి పంపారు. వెల్డరుగానే ఈ దేశం వచ్చాడు.

"నాకు లేని డబ్బు దీని చదువుకి ఎక్కణ్ణుంచి వచ్చింది నాన్నా? ఇవాళ చెప్పు. చెప్పకపోతే ఇంక నేనీ గుమ్మం తొక్కను."

"ఊరంతా చెబుతోందిగా."

"ఊరి సంగతి నాకొద్దు. నువ్వు చెప్పు."

ఆయన గ్లాసు అడుగున మిగిలిన పంచదారని తిప్పాడు. అప్పుడే హైమావతి ఫోన్ మోగింది. కింది అంతస్తులో ఉండే నందిత. వాళ్ళ నాన్న ఈశ్వరరావుగారు పోయి ఇవాళ పదకొండో రోజు. ఏకాహానికి భోక్తగా రావలసిన మనిషికి జ్వరమట. మీ నాన్నగారికి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడుగుతోంది.

ఏకాహం భోక్తంటే పోయినవాడి పేరున విస్తరి ముందు కూర్చుని తినేవాడు. దానాలన్నీ అతనికే, దోషమూ అతనికే. ఆ పూట అతని పక్కన ఎవరూ కూర్చోరు. లింగాన్ని ముట్టుకునే అర్చకుడు ఆ విస్తరి ముట్టుకోవడమనేది ఊళ్ళో ఎవరి ఊహకీ అందదు.

"నేను కూర్చుంటానని చెప్పు" అన్నాడు సాంబశివరావు.

"నువ్వా నాన్నా?"

"నాకు కొత్త కాదమ్మా."

తర్వాత తల దించుకునే చెప్పుకొచ్చాడు. ఊరివాళ్ళు మసలని చోటు చూసుకుని, గోదావరి రేవుల్లో ఏళ్ళ తరబడి భోక్తగా కూర్చున్నాడు. దానంగా వచ్చిన వెండి అమ్ముతుంటే ఊరివాడొకడు చూశాడు. ఆ ఏడే ధ్వజస్తంభం గొయ్యి తవ్వారు. రెండూ కలిపి కథ వాళ్ళే అల్లుకున్నారు. ఆయన కాదనలేదు. నిధి దొరికిందంటే ఏడ్చుకుని ఊరుకుంటారు. ఏకాహాలకి కూర్చున్నాడని తెలిస్తే గుళ్ళోకి రానివ్వరు.

"నిన్ను వైజాగు బస్సెక్కించిన రోజు మీ అమ్మ అన్నం ముట్టలేదురా" అన్నాడు కొడుకుతో. "మర్నాడే వెళ్ళి మొదటిసారి కూర్చున్నాను. నిన్ను వెనక్కి పిలుద్దామనే అనుకున్నా. ఎక్కడిదని అడుగుతావని భయమేసింది. ఇదైతే చిన్నది, అడగదు."

మహీధర్ అంత కోపంతో వచ్చాడు, దాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"మరి ఆ చేతులతోనే అభిషేకం చేశావా?" అంది హైమావతి. అడిగాక ఎందుకడిగానా అనుకుంది.

"స్నానం చేసి, గాయత్రి చేసుకుని చేసేవాణ్ణి. శాస్త్రానికి అది చాలదు. శివుడికి చాలిందో లేదో నాకూ తెలీదమ్మా."

దేవుడి సొమ్ము కాదని ఊపిరి పీల్చుకోవాలో, పోయినవాళ్ళ విస్తళ్ళ మీద పెరిగానని సిగ్గుపడాలో ఆమెకి అర్థం కాలేదు. ముందు ఏడుపొచ్చేసింది. ఈ మాట ఊరికి తెలియకూడదు, గుళ్ళో ఉన్న తమ్ముడి కొడుకు బతుకు పోతుంది అన్నాడు ఆయన. మహీధర్ తలూపాడు.

మధ్యాహ్నం కార్యం అయ్యాక సాంబశివరావు బ్లాకు కింద సిమెంటు బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. పిల్లలు రావడం చూసి చెయ్యెత్తి, అక్కడే ఆగండి, నాకింకా స్నానం కాలేదన్నాడు. హైమావతి ఆగింది. మహీధర్ ఆగలేదు. వెళ్ళి తండ్రి భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. ఆయన పక్కకి జరగబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"మేమూ చేస్తాంలే నాన్నా స్నానం" అన్నాడు. "రావే హైమా, అటుపక్క చోటుంది."