రెండో ఫ్యాను

"మీ డ్రైవర్ అబద్ధమాడుతోంది."

అతను ఆమెతో అన్న మొట్టమొదటి మాట ఇది. నమస్కారం లేదు, పరిచయం లేదు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు నెలకోసారి కలుసుకునే లైబ్రరీ మేడమీది గదిలో, నలుగురూ చూస్తుండగా, చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వచ్చి మొహం మీదే అనేశాడు.

ఆమెను ఇంకేమన్నా సర్దుకుపోయేది. ఆ డ్రైవర్‌ని అంటే మాత్రం కన్నబిడ్డని అన్నట్టే. ఆమెదీ అతనిదీ ఒకే మోడల్ ల్యాప్‌టాప్. అందులో ఫ్యాను వేగం, కీబోర్డు కింది వెలుగు, బ్యాటరీ ఎంతవరకు ఛార్జ్ కావాలన్నదీ కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేర్ గుప్పెట్లో పెట్టుకుంది. కొత్త మోడళ్లు రాగానే పాతదాన్ని గాలికొదిలేసింది. ఆమె ఊరుకోలేదు. ఉద్యోగం నుంచి వచ్చాక సాయంత్రాలన్నీ ధారపోసి, వాటన్నిటినీ లినక్స్ మాట వినేలా చేసే డ్రైవర్ రాసింది. ఎవరైనా చూసుకోండి, వాడుకోండి అని తెరిచి పెట్టింది. ఇక మిగిలిన కోరిక ఒక్కటే, అది లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో చేరాలి. చేరితే ఆ ల్యాప్‌టాప్ ఏ మూల ఉన్నా, ఎవరూ దేనికోసమూ వెతుక్కోకుండానే పనిచేస్తుంది.

"అబద్ధమా? ఏమంటోందేంటి మీతో?"

"ఫ్యాను ఆగిపోయిందంటోంది. ఆగలేదు. నాకు వినిపిస్తోంది."

"ఏం చేస్తుంటారు మీరు?"

"పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. ఆడియో పుస్తకాలు."

"అదీ సంగతి! చీమ తుమ్మినా వినిపిస్తుంది మీకు," అంటూ ఆమె అతని ల్యాప్‌టాప్ తిరగేసింది. గాలి బయటికి వెళ్లే సందుల్లో నల్లటి స్పాంజి ముక్కలు ముచ్చటగా కత్తిరించి కుక్కి ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"మోత మైకులో పడకుండా..."

"ముక్కు మీరే మూసి, ఆయాసపడుతున్నావేంటని దాన్ని తిడతారా?"

గది గొల్లుమంది. ఆ క్షణంలోనే అతనికి స్పాంజి మాస్టారని పేరు పడిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెనక్కి తగ్గలేదు. ముక్కలన్నీ పీకి జేబులో వేసుకుని, ల్యాప్‌టాప్‌కి చెవి ఆనించాడు.

"ఇప్పుడూ ఉంది. సన్నగా, ఇంకో గొంతు."

"ఉన్నది ఒక్కటే ఫ్యాను."

"విప్పి చూశారా?"

"నేను స్క్రూడ్రైవర్ పట్టను. మెషీన్ విప్పకుండానే దాని గుట్టు విప్పుతానని నాకు పేరు," అంది ఆమె గడ్డం పైకెత్తి.

అతను ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆమె కూడా అటే చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం వైపు చూపు తిప్పుకున్నారు.

కెర్నెల్‌లో ల్యాప్‌టాప్ డ్రైవర్ల భాగాన్ని చూసుకునే పెద్దాయన మెయిళ్లలో తప్ప కనిపించడు, వినిపించడు. ఆమె పంపిన కోడ్ బాగుందన్నాడు. అంతలోనే ఒక మెలిక పెట్టాడు. రాసినవాళ్లు తమ మెషీన్ మీద తామే పరీక్షించుకుంటే చాలదు. అదే మోడల్ ఉన్న ఇంకొకరు పరీక్షించి, తమ పేరుతో పూచీ ఇవ్వాలి. రాసినవాళ్ల పేరు కింద ఆ పేరు కూడా చేరుతుంది. వాళ్ల పద్ధతి అది.

ఆమె తెలిసినవాళ్లందరినీ అడిగింది. అందరూ ఆ మోడల్ ఎప్పుడో పారేశారు. మిగిలింది ఒక్కరే.

"ఎవరి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను గానీ, ఆ స్పాంజి మాస్టారినా!" అంది అమ్మమ్మతో.

అమ్మమ్మకు చూపు తగ్గాక పుస్తకాలన్నీ చెవులతోనే. హెడ్‌ఫోన్స్ తీసి, "ఎవరే ఆయన?" అంది. ఆమె కథంతా చెప్పి, అమ్మమ్మ వింటున్న పుస్తకం చదివిందెవరా అని తెర వైపు చూసింది. ఫొటోలో సాక్షాత్తూ అతనే.

"ఈ అబ్బాయేనా? బంగారంలాంటి గొంతే. కాకపోతే వెనకాల ఎప్పుడూ రెండు తుమ్మెదలు పోట్లాడుకుంటుంటాయి."

"రెండా?"

"కళ్లకు గానీ నా చెవులకేం రోగం? రెండే. ఒకటి లావుగా, ఒకటి సన్నగా."

ఆమె లైబ్రరీ మిత్రులకు ఫోన్ చేసి అతని రికార్డింగ్ గది ఎక్కడో కనుక్కుంది.

మర్నాడు వానలో గొడుగేసుకుని అతని రికార్డింగ్ గదికి వెళ్లింది. అతను తలుపు తీసి కళ్లెగరేశాడు.

"ఇలా వచ్చారేంటి?"

"వానొస్తోందని, తలదాచుకోవడానికి."

"గొడుగుందిగా చేతిలో?"

"లోపలికి రమ్మంటారా, వద్దంటారా?"

తలుపు మూయగానే కుళాయి కట్టేసినట్టు వాన చప్పుడు ఆగిపోయింది. గోడల నిండా మెత్తలు, మధ్యలో మైకు. అతను హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు. ఆమె తన డ్రైవర్‌తో ఫ్యానును ఆపింది. లావు తుమ్మెద ఆగింది. సన్నది ఆగలేదు.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపి, "స్క్రూడ్రైవర్ ఉందా?" అంది.

అతను నవ్వకుండా ఇచ్చాడు. నవ్వలేదన్నది ఆమె గమనించింది. విప్పి చూస్తే, రాగి గొట్టం చాటున గ్రాఫిక్స్ చిప్పు పక్కనే రెండో ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"మీరు చెప్పిందే నిజం. అది అబద్ధమాడలేదు, దానికి తెలియదంతే. నేనే నేర్పలేదు."

"విప్పకుండానే ఇంత రాశారంటే... మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది."

"మీకెందుకు గర్వం?"

"ఏమో. ఉంది."

పూచీ సంగతి చెబితే అతను సరేనన్నాడు. ఆ తర్వాత సాయంత్రాలన్నీ ఆ గదిలోనే. ఆమె రెండో ఫ్యాను జాడ పట్టుకుని కోడ్ మార్చేది. అతను కళ్లు మూసుకుని వినేవాడు. "ఇప్పుడు?" "ఇంకా ఉంది." "ఇప్పుడు?" "ఆగి మళ్లీ మొదలైంది." కీబోర్డు వెలుగు గురించీ బ్యాటరీ గురించీ కూడా అలాగే ఆమెను వేపుకు తిన్నాడు. మొహమాటానికైనా బాగుందనడు.

"అబ్బ, ఒప్పుకోరేంటండీ!"

"నా పేరు పడాలంటే నా చెవి ఒప్పుకోవాలి."

ఆమెకు ఒళ్లు మండేది. మనసులో మాత్రం, మనిషంటే ఇలా ఉండాలి అనుకునేది.

ఒకరోజు ఆమె కోడ్ మాటకు రెండు ఫ్యాన్లూ ఒక్కసారే ఆగిపోయాయి. అతను చెయ్యెత్తాడు. "కదలకండి. ఈ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తాను. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఖాళీలో దాన్నే పరుస్తాం. ఊపిరి కూడా మెల్లగా."

ఎర్ర లైటు వెలిగింది. అతను కళ్లు మూసుకుని, ఆమె చేసిన నిశ్శబ్దాన్ని పాట విన్నట్టు వింటున్నాడు. తన పనిని ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"మీరంటే నాకు ఇష్టం."

అతను కళ్లు తెరిచాడు. ఎర్ర లైటు వైపు చూశాడు. మీట నొక్కి రికార్డింగ్ ఆపాడు. లైటు ఆరాక కూడా, "టెస్ట్ రిపోర్టు ఇవాళే పంపిస్తాను," అన్నాడు. అంతే.

ఆమె ల్యాప్‌టాప్ సర్దుకుని లేచింది.

"మీ గొడుగు..."

"మీరే ఉంచుకోండి."

తడిసి ఇంటికి చేరేసరికి రిపోర్టు వచ్చేసింది. ఏది ఎలా పరీక్షించాడో అన్నీ వివరంగా ఉన్నాయి. చివర పూచీగా అతని పేరు ఉంది. ఆమెకు మాత్రం ఒక్క ముక్క లేదు. ఏడుపొచ్చింది. అయినా పౌరుషం అడ్డొచ్చి ఫోన్ చెయ్యలేదు. రిపోర్టు చేర్చి డ్రైవర్‌ని పెద్దాయనకు పంపింది.

ఆదివారం మధ్యాహ్నం జవాబొచ్చింది. చేర్చుకున్నారు! కెర్నెల్‌లో ఆమె పేరు, దాని కిందే అతని పేరు. అమ్మకు సగం అర్థం కాకపోయినా పిన్నికీ అత్తకీ ఫోన్లు మొదలెట్టేసింది. ఆమె మాత్రం ఆ రెండు పేర్లనూ చూస్తూ కూర్చుంది. గర్వంతో గుండె నిండింది, ఒక మూల మాత్రం వెలితిగానే ఉంది.

"ఏమే ఇంజనీరమ్మా, ఇలా రా," అని అమ్మమ్మ పిలిచింది. అమ్మమ్మ తుమ్మెదల మాట ఆమె నోట విన్నప్పుడే, కొత్త పుస్తకం ముందుగా ఆవిడకే పంపుతానని అతను మాటిచ్చాడు. అది పొద్దున్నే వచ్చింది.

"తుమ్మెదలు పోయాయా?" అంది ఆమె.

"రెండూ పోయాయి."

"పోవా మరి! ఎవరు రాశారనుకున్నావ్?"

"అది సరేగానీ, మొదటి అధ్యాయం అయిపోయాక మధ్యలో నువ్వెందుకు మాట్లాడుతున్నావ్?"

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్‌ఫోన్స్ లాక్కుని పెట్టుకుంది. కడిగిన అద్దంలాంటి నిశ్శబ్దం. అందులో తన గొంతు, మీరంటే నాకు ఇష్టం.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో అతను, చేతిలో గొడుగు, మొహం వెలిగిపోతూ. "చేర్చుకున్నారు! చూశారా?"

"ముందు మీరిది వినండి," అని హెడ్‌ఫోన్స్ అతని చెవులకు తగిలించింది. ఆ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"అయ్యయ్యో! నిశ్శబ్దాన్ని రికార్డు చేసిన ముక్కలు రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాను. ఒకటి పుస్తకానికి. ఇది... నాకోసం."

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మాయి అంత స్పష్టంగా చెబితే, జవాబివ్వకుండా రెండో అధ్యాయం మొదలెట్టేశావేం నాయనా?"

"ఆ రోజే చెప్పేవాణ్ణి అమ్మమ్మగారూ. చెప్పాక నా పూచీకి విలువేముంటుంది? మనసిచ్చినవాడు బాగుందనే అంటాడు. తన పని తన సత్తా మీదే గెలవాలి, నా ఇష్టం మీద కాదు. గెలిచింది. అందుకే పరుగెత్తుకొచ్చాను." అతను ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకూ ఇష్టమే. అందరిముందూ నా స్పాంజి పరువు తీసిన రోజునుంచీ."

ఇన్నాళ్లూ తన పని మీద తనకున్నంత గర్వం ఇంకెవరికీ ఉండదనుకుంది ఆమె. ఉన్న మనిషి ఎదురుగా నిలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక గొడుగు లాక్కుంది.

"ఈ పూటే ఆ మాట తీసేసి మళ్లీ పంపిస్తానండీ," అన్నాడు అతను అమ్మమ్మతో.

"ఊళ్లోవాళ్లకిచ్చే దాంట్లో తీసెయ్. నా దాంట్లో ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది అమ్మమ్మ. "నీ జవాబు కూడా దాని పక్కనే కలిపి పంపు. అప్పుడు వింటా రెండో అధ్యాయం."