బోయజు వేషం

టీవీలో పెద్దమనుషుల ముందు ఒకడు కాలి చెప్పు విప్పి బోయజు చేతిలో పెట్టగానే, తుకారాం రిమోట్ అందుకుని దాన్ని కట్టేసి లేచాడు.

మల్కాజ్‌గిరిలో తుకారాం ఇంటి చిన్న హాలు అది. తెర మీద నవ్వుతూ చెప్పు అందుకున్న బోయజూ, ఇక్కడ కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్న సూర్యా ఒక్కరే. ఆ నవ్వు మాత్రం ఇప్పుడు మచ్చుకైనా లేదు.

"చెప్పు చేతికిస్తే ఇకిలించుకుంట తీసుకున్నడు," అన్నాడు తుకారాం, సూర్య వైపు చూడకుండా, భార్య ఎల్లమ్మతో. "వేషమే అనుకో. రేపు ఇది అందరి ఫోన్లకొస్తది. మోండా మార్కెట్ల మనోళ్లకు మా అల్లుడని ఎట్ల చూపియ్యాలె? ఆదివారం వాళ్లను రావద్దని చెప్పుండ్రి."

ఆదివారం రావలసింది సూర్య అమ్మానాన్నలు, పిల్లనడగడానికి. తుని వైపు నుంచి వచ్చి మౌలాలిలో స్థిరపడ్డ కుటుంబం.

ఇంతకీ ఈ తెలివంతా సూర్యదే. లాలాగూడలో జకర్యాగారి స్టూడియో బైబిలు కథలను నాటకంలా వీడియోలు తీస్తుంది, వాటిని ఎన్నడూ వినని వాళ్ల కోసం. సూర్య అక్కడ డైరెక్టరు. తుకారాం కూతురు స్వర్ణలత పని అంతకంటే తిప్పలది. వీడియో బయటికి పోకముందే, కథ తెలియని నలుగురికి చూపించి, ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించాలి. ముందుగా ఒక్క ముక్క వివరించకూడదు. తిడితే తిట్టినట్టే రాయాలి.

ఇద్దరివీ హిందూ కుటుంబాలే. పరాయి కథ ఒకటి మనవాళ్లకు ఎలా చెప్పాలా అని కీచులాడుకుంటూ ఎప్పుడు ప్రేమలో పడ్డారో వాళ్లకే తెలియదు. బోయజు వేషగాడు జ్వరంతో మంచం ఎక్కితే, స్టూడియోలో ఒత్తుగా గడ్డం ఉన్నవాడు తనొక్కడే కాబట్టి సూర్య ఆ వేషం కట్టాడు. వీడియో మీ ఇంట్లోనే చూపిద్దాం, మీ నాన్నకి ముందే నా మొహం అలవాటవుతుంది అని స్వర్ణలతను ఒప్పించిందీ అతనే. రొట్టె విరిగి నేతిలో పడుతుందనుకున్నాడు. బూడిదలో పడింది.

మర్నాడు ఆమె రిపోర్ట్ చదివి జకర్యాగారు తల పట్టుకున్నారు. కథలో రూతు పరాయి దేశపు పిల్ల. మొగుడు పోయాక అత్త నయోమి వెంట ఆ ఊరికి వచ్చింది. ఆ ఇంటి పొలం కొనే హక్కు, రూతును చేసుకునే హక్కు బోయజు కంటే ముందు ఇంకో దగ్గరి బంధువుకి ఉన్నాయి. అతను నాకొద్దని వదులుకుంటూ చెప్పు విప్పి ఇచ్చాడు, ఆ దేశపు రివాజు అది. సీను తీసెయ్యడం కుదరదు, కథ మన సొంతం కాదు అని తేల్చేసి ఆయన లోపలికి వెళ్లిపోయారు.

సూర్య స్వర్ణలత దగ్గరికి వెళ్లాడు.

"చూసినవాళ్లంతా లేచిపోయారని రాయి స్వర్ణా. అప్పుడైనా జకర్యాగారు సీను తీసేస్తారు."

"లేచింది మా నాయినొక్కడే. లేనిది రాయ."

"నీకు నేను కావాలా, నీ రిపోర్ట్ కావాలా?"

అన్నాక గానీ ఆ మాట ఎంత చెడ్డదో అతనికి తెలియలేదు. స్వర్ణలత కళ్లు ఎర్రబడ్డాయి.

"నిన్నటి సంది ఇంట్ల నీ కోసం కొట్లాడుతున్న. అన్నం సుత ముట్టలే. ఇక్కడికొస్తె నువ్వు అబద్ధం రాయమంటున్నవ్. ఈ సీను ఇట్లనే పోతె రేపు ఊర్లల్ల సుత టీవీ బంద్ జేస్తరు. నేనెవరి దిక్కు నిలబడాలె సూర్యా?"

బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. సూర్యకి సిగ్గేసింది, అంతకు మించి భయమేసింది. ఆమె తిరిగి రాకపోతే ఈ గడ్డం, ఈ వేషం, ఈ స్టూడియో ఎవరి కోసం?

ఏమీ తోచక ఆ సీనే మళ్లీ మళ్లీ చూశాడు. మూల నిలబడ్డ రూతు, చెప్పు చేతులు మారుతుంటే అన్నీ తెలిసినదానిలా చిరునవ్వు నవ్వుతోంది. అలా నవ్వమన్నది తనే. పరాయి దేశం పిల్లకి ఆ ఊరి రివాజు ఎలా తెలుస్తుంది? ఆమె కూడా తుకారాంలాగే ఉలిక్కిపడాలి కదా. తప్పు తుకారాంది కాదు, కథదీ కాదు, తనది.

మౌలాలి గుట్ట బండల మధ్య ఆ సీను మళ్లీ తీశారు. స్వర్ణలత వచ్చింది, ఒక పక్కన ముభావంగా నిలబడింది. సూర్య వెళ్లి, తప్పయింది స్వర్ణా, నిన్ను అలా అడక్కూడదు అన్నాడు.

"వెలుతురు పోతున్నది. ముందు షాట్ తియ్యి, బోయజూ," అంది. ఆ పిలుపుతో అతనికి ప్రాణం లేచివచ్చింది.

శనివారం సాయంత్రం మళ్లీ అదే హాలు. తుకారాం మొదట కుదరదన్నాడు. సగం చూసి లేచినోడు తీర్పు చెప్పొద్దని ఎల్లమ్మ అనేసరికి వచ్చి కూర్చున్నాడు.

ఈసారి చెప్పు విప్పబోతుండగానే తెర మీద రూతు గాభరాగా అత్త చెయ్యి పట్టుకుంది, బోయజును అవమానిస్తున్నారా అని. నయోమి నవ్వింది. కాదమ్మా, ఇక ఆ పొలంలో నేను కాలు పెట్టను అని ఊరందరి ముందూ ఒప్పుకోవడం అది అని చెప్పింది. చెప్పు బోయజు చేతికి వచ్చింది. తుకారాం బొటనవేలు రిమోట్ మీదే ఉంది. టీవీ ఆగలేదు.

వీడియో అయ్యాక స్వర్ణలత అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఆయన చెప్పు ఎందుకిచ్చిండు నాయినా?"

తుకారాం రిమోట్ పక్కన పెట్టాడు. "హక్కు ఇడిసిపెట్టిండు. మనం స్టాంపు కాగితం మీద దస్కత్ పెట్టమా, గట్ల. తీసుకున్నోడు సుత ఇజ్జత్ పోగొట్టుకోలే. నలుగురి ముంగట ఆ పిల్ల బాధ్యత మీదేసుకున్నడు."

ఆదివారం ఊసు మాత్రం ఎత్తలేదు. అంతలో ఎల్లమ్మ నోరు విప్పింది.

"అంతా మంచిగనే ఉంది. గంతమంది పెద్దమనుషులు హక్కు నీదా, నాదా అనుకున్నరు. ఆ పిల్లను ఒక్కలన్న అడిగిండ్రా?"

స్వర్ణలత ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది. తల ఎత్తేసరికి తండ్రి తననే చూస్తున్నాడు. ఈ వారంలో ఆమె ముఖం వైపు సరిగ్గా చూడటం ఇదే మొదలు.

"నేను అడుగుతున్న బిడ్డా. ఈ పిల్లగాడు నీకిష్టమేనా?"

అందరి జవాబులూ రాసుకునే పిల్లను ఇన్నాళ్లకు ఒకరు జవాబడిగారు. ఆమె సూర్య వైపు చూడలేదు. చూస్తే ఏడ్చేస్తుంది.

"ఇష్టమే నాయినా. మస్తు ఇష్టం."

తుకారాం నెమ్మదిగా తలూపి సూర్య వైపు తిరిగాడు. మీ అమ్మానాయిన రేపు ఎప్పుడొస్తరు అని అడిగాడు.

సూర్య గబుక్కున లేచి నిలబడ్డాడు. పొద్దున్నే వస్తారని స్వర్ణలతే చెప్పింది.